మంత్రసానుల అబద్ధం

ఎటోబికో,
అక్టోబర్ 27, 2024

శాంతత్తయ్యకు,
వాసవి నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీ చెవి మిషన్ కూస్తోంది. మీరు సగం విని మిగతా సగం ఊహించుకుంటున్నారు. పోయినసారి కరివేపాకు మొక్క చచ్చిపోయిందని నేనంటే, ఎవరో పోయారనుకుని నన్ను ఓదార్చారు. అందుకే మీరు చెప్పినట్టు కాగితం మీద రాస్తున్నాను. తెలుగు రాసి చాలా ఏళ్ళయింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మా పక్కింటి ఫ్రీడా గారి సంగతి చెప్పాను కదా. యూదుల ఆవిడ, ఎనభై దాటాయి, లెక్కల టీచరుగా రిటైరయ్యారు. చూపు తగ్గిపోయి డ్రైవింగ్ లైసెన్స్ వదిలేసుకున్నారు. బాథర్స్ట్ వీధి దగ్గర ఒకరింట్లో ఆదివారం పొద్దున వాళ్ళ ఆడవాళ్ళు కొందరు చేరి తోరా చదువుకుంటారు. తోరా అంటే వాళ్ళకి వేదంలాంటిది. ఆవిణ్ణి అక్కడికి తీసుకెళ్ళే పని నేను పెట్టుకున్నాను. ఇవాళ దింపేసి, "నేను కార్లో కూర్చుంటానండీ" అన్నాను.

"నువ్వు కార్లో వణుకుతూ కూర్చుంటే నాకు లోపల చదువు ఎక్కుతుందా? వచ్చి టీ తాగు" అన్నారు.

వెళ్ళాను. పాఠం చెప్పే అమ్మాయి పేరు తాలియా. రబ్బీ, అంటే వాళ్ళకి గురువు. నాకన్నా చిన్నది. ప్రతి ఏడూ ఈ రోజుల్లో పుస్తకం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటారట. ఆదాము, హవ్వ, తినొద్దన్న పండు. ఈ కథ మనకీ తెలుసు. కానీ తాలియా ఒక మాట అడిగింది. "పండు తినొద్దని దేవుడు చెప్పినప్పుడు హవ్వ ఎక్కడుంది?" అందరూ పేజీలు వెనక్కి తిప్పారు. అప్పటికి హవ్వ ఇంకా పుట్టనే లేదత్తయ్యా! ఆ ఆజ్ఞ ఆమెకి మొగుడు చెబితేనే తెలిసుండాలి. "ఆయన సరిగ్గా చెప్పాడో లేదో ఎవరు చూశారు?" అన్నారు ఫ్రీడా. గది గదంతా నవ్వు.

పేజీ మధ్యలో మూలం, చుట్టూ చిన్న అక్షరాల్లో వందల ఏళ్ళ వ్యాఖ్యానాలు. అన్నీ మగవాళ్ళు రాసినవే. "మా అమ్మమ్మలు వంటింట్లో అనుకున్నవి ఈ పేజీలోకి ఎక్కలేదు. ఇప్పుడు మేం ఎక్కిస్తున్నాం" అంది తాలియా. దేవుడి పుస్తకాన్ని అలా నిలదీశారు. చివర్లో అదే పుస్తకాన్ని ముద్దుపెట్టుకుని మూశారు. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. నా టీ చల్లారిపోయింది.

ఇంకా ఏదో రాద్దామనుకున్నాను గాని ఇషిత పాపకి స్విమ్మింగ్ టైమయింది.

మీ మేనకోడలు,
వాసవి


వాంకూవర్,
నవంబర్ 4, 2024

చిరంజీవి వాసవికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తప్పులు నాలుగే ఉన్నాయి. సంతోషం.

సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోకు. నువ్వు మతం మారుతున్నావా? మీ ఆయన ప్రణీత్‌కి తెలుసా? నేను పూజలూ వ్రతాలూ చేసే మనిషిని కానని నీకు తెలుసు. కానీ మనిషి బాధల్లో ఉన్నప్పుడే ఇలాంటి చోట్లకి వెళ్ళి కూర్చుంటుంది. నీకు ఇంట్లో ఏమైనా ఇబ్బందిగా ఉంటే దాచకుండా రాయి. టికెట్ తీసుకుని వచ్చేస్తాను.

ఆ హవ్వ మాట మాత్రం బాగుంది. నా దగ్గరికి వచ్చే పేషెంట్లలో సగం మంది "మా ఆయన చెప్పాడండీ" అనే మొదలుపెట్టేవారు.

ఇక్కడ వాన మొదలయింది. వసంతకాలం దాకా ఇంతే. నేను గొడుగు లేకుండానే నడకకి వెళుతున్నాను. మీ నాన్న ఎలా ఉన్నాడు? గ్వెల్ఫ్‌లో మీ అక్క హర్షిణి దగ్గర సుఖంగానే ఉన్నాడని విన్నాను. దసరాకి ఫోన్ చేసి "బాగున్నావా అక్కా, బాగున్నాను" అని పెట్టేశాడు. వాడు కెనడా వస్తే తరచూ కలుస్తామనుకున్నాను. ఒకే దేశంలో ఉన్నాం, అంతే.

ఆశీస్సులతో,
అత్తయ్య


ఎటోబికో,
నవంబర్ 12, 2024

అత్తయ్యా,

మీరు భయపడకండి. నేను ఏ మతమూ మారడం లేదు. వాళ్ళు అసలు ఎవర్నీ రమ్మని పిలవరు. ఫ్రీడాకి మీ ప్రశ్న చెబితే, "ఉన్నవాళ్ళతోనే వేగలేకపోతున్నాం, ఇంకా కొత్తవాళ్ళా!" అన్నారు. ప్రణీత్‌కి అన్నీ తెలుసు. ఇంట్లో ఇబ్బందల్లా డిష్‌వాషర్ ఒక్కటే.

పోస్టు వాళ్ళు సమ్మె చేస్తారంటున్నారు. ఈలోపే మిమ్మల్ని ఒకటి అడగాలి. జనవరిలో తోరాలో రెండో పుస్తకం, నిర్గమకాండం, మొదలవుతుంది. ఒక్కొక్కరు ఒక్కో భాగం చెప్పాలట. "వారం వారం మా టీ తాగుతున్నావు, నువ్వూ చెప్పు" అని తాలియా నాకు ఇద్దరు మంత్రసానుల కథ ఇచ్చింది.

కథ చిన్నదే. ఈజిప్టు రాజు ఫరోకి బానిసలైన హెబ్రీ జనం, అంటే యూదుల పూర్వీకులు, పెరిగిపోతున్నారని భయం. షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానుల్ని పిలిపించాడు. "హెబ్రీ ఆడవాళ్ళకి పురుడు పోసేటప్పుడు కానుపు పీట మీద చూడండి. మగబిడ్డయితే చంపండి, ఆడబిడ్డయితే బతకనివ్వండి" అన్నాడు. వాళ్ళు చంపలేదు. ఎందుకు చంపలేదని రాజు గద్దిస్తే, "హెబ్రీ ఆడవాళ్ళు మీ ఆడవాళ్ళలాంటివాళ్ళు కారు, మహా చురుకు. మేం వెళ్ళేలోపే కనేస్తున్నారు" అన్నారు. రాజు నమ్మాడు. దేవుడు వాళ్ళకి మేలు చేశాడు. "వాళ్ళకు ఇళ్ళు కట్టించాడు" అని ఉంది. ఆ ఇళ్ళేమిటో ఎవరికీ సరిగ్గా తెలీదట.

ఇంకో చిత్రం. హీబ్రూ భాషలో ఆ మాటని ఒకలా చదివితే వాళ్ళు హెబ్రీ మంత్రసానులు, ఇంకోలా చదివితే హెబ్రీ ఆడవాళ్ళకి పురుళ్ళు పోసే పరాయి మంత్రసానులు. ఈజిప్టు వాళ్ళే అయ్యుండొచ్చు. సొంత రాజునే కాదన్నారేమో!

మీరు ఎన్ని వేల కానుపులు చూశారో. మంత్రసాని వెళ్ళేలోపే అందరూ కనేస్తారా? దేవుడు అబద్ధానికి మేలు చేయడమేమిటి? మీకేమనిపిస్తుందో రాయండి.

మా ఇంట్లో కానుపుల డాక్టరు ఉందని క్లాసులో గొప్పగా చెప్పాను. నేను పుట్టకముందు మీరు స్కాన్ చూసి మగపిల్లాడని చెప్పారనీ, నాయనమ్మ వెండి మొలతాడు కూడా చేయించి పెట్టుకుందనీ, తీరా నేను పుట్టాననీ చెబితే అందరూ ఒకటే నవ్వు. నాన్న ఇప్పటికీ ఎవరొచ్చినా ఆ కథ చెబుతారు.

ప్రేమతో,
మగపిల్లాడు కాని వాసవి


ఎటోబికో,
డిసెంబర్ 30, 2024

అత్తయ్యగారికి,

సమ్మె అయిపోయాక నా ఉత్తరం మీకు చేరింది. క్రిస్మస్ రోజున నేను ఫోన్ చేస్తే "అందింది. రాస్తాను" అని పెట్టేశారు. మీ గొంతు వేరుగా ఉంది. తర్వాత రెండుసార్లు చేసినా ఎత్తలేదు.

మీకు కోపం వచ్చిందని అర్థమైంది. మన పురాణాలు వదిలేసి పరాయి పుస్తకం మీద మిమ్మల్ని ప్రశ్నలు వేశాననా? లేక మతం సంగతి నేను వేళాకోళంగా రాశాననా? మీరు వెళ్ళొద్దంటే మానేస్తాను. ఫ్రీడా గారిని దింపేసి బయటే కూర్చుంటాను. నిజంగానే చెబుతున్నాను.

ప్రణీత్ అంటాడు, "ఆవిడకి కోపం వస్తే మొహం మీదే చెబుతారు, ఇది కోపం కాదు" అని. మరేమిటి? ఒంట్లో బాగాలేదా? ఇషిత మీకు కార్డు గీసింది. అందులో ఉన్నది మీరే, కళ్ళజోడు చూసి గుర్తుపట్టండి.

మీ జవాబు కోసం చూస్తూ,
వాసవి


వాంకూవర్,
జనవరి 6, 2025

వాసవీ,

నాకు కోపం లేదు. నువ్వు ఆ చదువు మానేస్తే మాత్రం కోపం వస్తుంది.

ముందు నీ ప్రశ్నకి డాక్టరుగా జవాబు. రెండో కానుపో మూడో కానుపో అయితే, మంత్రసాని గుమ్మం ఎక్కేలోపే బిడ్డ బయటపడటం నేనూ చూశాను. కానీ అందరికీ, ప్రతిసారీ అలా జరగదు. పిల్లల్ని కన్న ఏ ఆడదానికైనా అది అబద్ధమని తెలుస్తుంది. రాజు నమ్మాడంటే ఒకటే కారణం. ఆ గదిలోకి ఆయన ఎన్నడూ అడుగుపెట్టలేదు.

రెండో సంగతి. "చూడండి" అన్నాడని రాశావే, నేను అక్కడే ఆగిపోయాను. చూడమన్నవాడికి చూపు లేదు వాసవీ. చూసేది మంత్రసాని. ఆవిడ ఏం చెబితే రాజుకి అదే నిజం. అంత పెద్ద రాజ్యం, అంత సైన్యం, అదంతా ఆ పీట దగ్గర ఇద్దరు ఆడవాళ్ళ నోటిమాట మీద నిలబడి ఉంది. ఆ సంగతి రాజుకి తెలీదు. వాళ్ళకి తెలిసింది. ఇన్నేళ్ళ తర్వాత, ఎవరూ చెప్పకుండా, ఆ పుస్తకంలో నన్ను ఎవరు రాశారా అనిపించింది.

నేను స్కాన్ తప్పు చదవలేదమ్మా.

ఎనభై ఎనిమిదిలో కాకినాడలో నేను పనిచేసే నర్సింగ్ హోముకి ఆ మిషన్ కొత్తగా వచ్చింది. కడుపులో ఉన్నది ఆడో మగో చూసి చెప్పడాన్ని అడ్డుకునే చట్టమేదీ అప్పటికి మన దగ్గర లేదు. జనం కోడళ్ళని తీసుకుని వచ్చేవారు. హర్షిణి తర్వాత మీ అమ్మకి మళ్ళీ నెల తప్పింది. మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, మీ అమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. "చూసి చెప్పవే. మళ్ళీ ఆడపిల్లయితే తీయించేద్దాం. తమ్ముడితో మాట్లాడాను, వాడు సరేనన్నాడు" అంది. మీ నాన్న సరే అన్నాడో, ఊరికే తలూపాడో నాకు తెలీదు. మా అమ్మ మాటకి ఎదురు చెప్పడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

ఆవిణ్ణి బయట బెంచీ మీద కూర్చోబెట్టి తలుపేశాను. తెర నా వైపే తిరిగి ఉంది. నువ్వు కనిపించావు. ఒక కాలు చాపి, ఒక కాలు ముడుచుకుని ఉన్నావు. సందేహపడటానికి ఏమీ లేదు. మీ అమ్మ తెర చూడలేదు, నా మొహం చూసింది.

"ఆడపిల్లేనా వదినగారూ?" అంది.

తలూపాను.

పైకప్పు వైపు చూసింది. "మీరు బయట ఏం చెబుతారు?" అంది.

"నీకేం కావాలి?"

"నాకు ఇది కావాలి" అని పొట్ట మీద చెయ్యేసుకుంది. మళ్ళీ తనే, "మీ పేరు పోతుంది" అంది.

"పోనీ" అన్నాను.

తలుపు తీసి, "మగపిల్లాడమ్మా" అని చెప్పాను. మా అమ్మ మొహం వెలిగిపోయింది. అదొక్కటే నన్ను బాధపెట్టింది. ఆవిణ్ణి రాక్షసి అనుకోకు. ఆడపిల్లల్ని కన్నందుకు తన అత్తగారి దగ్గర ఆవిడ ఏం పడిందో నాకు తెలుసు. ఆ భయమే ఆవిడతో మాట్లాడించింది. నువ్వు పుట్టాక ఒక పూటంతా గోడ వైపు తిరిగి పడుకుంది. పురుడు వెళ్ళకముందే నిన్ను కాళ్ళ మీద వేసుకుని నూనె రాసింది కూడా ఆవిడే.

నా పేరు పోయింది. "మా డాక్టరమ్మకి ఆడో మగో తెలీదు" అని మా అమ్మే వీధంతా చెప్పింది. ఆ పరీక్ష కోసం నా దగ్గరికి రావడం జనం మానేశారు. దానికి నేనేమీ ఏడవలేదు. మెల్లగా మిగతావాళ్ళూ మానేశారు. అప్పుడే ఇక్కడికి అప్లై చేసి, మళ్ళీ మొదటి నుంచి పరీక్షలు రాసి డాక్టరునయ్యాను. అక్కకి కెనడా మోజు పట్టుకుందని మీ నాన్న అనుకున్నాడు.

మీ అమ్మ బతికినన్నాళ్ళూ మేమిద్దరం ఈ మాట మళ్ళీ ఎత్తలేదు. నీ పుట్టినరోజుకి మాత్రం నాకు ఫోన్ చేసేది. ఏమీ మాట్లాడేది కాదు, వంటేం చేశానో చెప్పేది. నీకు చెప్పకూడదనే అనుకున్నాను. తను అక్కర్లేని పిల్లనని ఏ ఆడపిల్లా వినకూడదు. కానీ ఆ కథ చదివాక నాకు ఇంకోలా అర్థమైంది. నువ్వు ఇద్దరికి కావలసిన పిల్లవి.

దేవుడు అబద్ధానికి మేలు చేస్తాడా అంటే, నాకు దేవుడి సంగతి తెలీదు. నాకు ఏ శిక్షా పడలేదు. అంతవరకు రాయగలను.

మీ అత్తయ్య,
శాంత


ఎటోబికో,
జనవరి 20, 2025

అత్తయ్యా, నా అత్తయ్యా,

మీ ఉత్తరం అందినప్పటి నుంచి నేను నేలమీద లేను. లైటు వేసినా, కుళాయి తిప్పినా, ఇషిత జుట్టు దువ్వినా, ఇది జరగాల్సింది కాదు కదా, అయినా జరుగుతోంది కదా అనిపిస్తోంది. నిన్న తోరా చదివే ఇంటి బయట చలి కోసేస్తోంది. కారు దిగి ఊరికే నిలబడ్డాను. నా ఊపిరి తెల్లగా ఆవిరై పైకి పోతుంటే చూస్తూ ఉండిపోయాను. "ఏమైంది?" అని ఫ్రీడా అడిగితే ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాను.

నా వంతు వచ్చింది. నేను సొంతంగా ఏమీ చెప్పలేదు. మీ ఉత్తరం తెలుగులో ఒక్కో వాక్యం చదువుతూ ఇంగ్లిషులో చెప్పాను. "పోనీ" అన్న చోట ఆగాను. ఆ మాటకి ఇంగ్లిషు దొరకలేదు. అలాగే వదిలేశాను, వాళ్ళకి అర్థమైంది.

తర్వాత ఫ్రీడా మాట్లాడారు. ఆవిడ చిన్నప్పుడు మాంట్రియల్‌లో వాళ్ళ గుడిలో ఆడవాళ్ళు తెర వెనక కూర్చునేవారట. అక్షరం కనిపించేది కాదు, వినబడిందే నేర్చుకున్నారట. ఇప్పుడు చూపు పోతోంది కాబట్టి మళ్ళీ వినికిడే మిగిలిందని నవ్వుతుంటారు. ఆవిడ అన్నారు, "ఆ ఇళ్ళేమిటో నాకు ఇవాళ తెలిసింది. రాజుకి అబద్ధం చెప్పినవాళ్ళు తిరిగి పాత ఇంటికి ఎలా వెళతారు? అక్కడ వాళ్ళకి చోటు ఉండదు. అందుకే దేవుడు ఇల్లు కట్టాల్సి వచ్చింది. మీ అత్తయ్య వాంకూవర్ ఎందుకు వెళ్ళిందనుకున్నావు?"

ఆ గదిలో ఏడవని మనిషి లేదు.

తాలియా ఇంకొకటి చూపించింది. ఆ కథలో రాజుకి పేరు లేదత్తయ్యా. ఫరో అంటే పదవి, పేరు కాదు. ఏ రాజో తెలీక పండితులు ఈనాటికీ వాదించుకుంటున్నారు. ఆ ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఉన్నాయి. "మీ ఇద్దరివీ చెప్పు" అంది. అమ్మ పేరు, సుగుణ అని చెప్పాను. మీ పేరు చెప్పాను. వాళ్ళ నోటికి సుగుణ సరిగ్గా తిరగలేదు. తిరిగేదాకా పలికారు.

ఎవరు చెప్పిన మాటని వాళ్ళ పేరుతోనే చెప్పాలన్నది వాళ్ళలో నియమమట. తాలియా తన పుస్తకం అంచున, ఆ పాత వ్యాఖ్యానాల పక్కన, పెన్సిలుతో రాసింది. "చూడమన్నవాడికి చూపు లేదు. కాకినాడ డాక్టర్ శాంత గారి మాట." హీబ్రూలో రాసింది, నాకు చదివి వినిపించింది. అత్తయ్యా, మీరు ఆ పేజీలో ఉన్నారు.

అక్కడి నుంచి ఫ్రీడాని దింపి నేరుగా గ్వెల్ఫ్ వెళ్ళాను. మిమ్మల్ని అడగకుండా నాన్నకి చెప్పేశాను. మీరు తిట్టినా పడతాను. ఆయన ఎవరికో మళ్ళీ ఆ స్కాన్ కథ చెప్పడం నేనిక వినలేను. మొత్తం విన్నారు. "మీ అమ్మకి తెలుసా?" అని ఒక్కటే అడిగారు. తెలుసు నాన్నా అన్నాను. లేచి గదిలోకి వెళ్ళిపోయారు. భోజనానికి రాలేదు. అమ్మ దాచినందుకూ, మీరు మోసం చేసినందుకూ చాలా కోపంగా ఉన్నారని హర్షిణి అంటోంది. మీకు ఫోన్ చేసి ఏమైనా అంటే నన్ను క్షమించండి.

మీరు చూసిన పిల్ల,
వాసవి


వాంకూవర్,
ఫిబ్రవరి 9, 2025

చిరంజీవి వాసవికి,

నిన్ను తిట్టను. ఆ పెన్సిలు రాత గురించి ఏం రాయాలో తెలియక ఇన్నాళ్ళు ఆలస్యం చేశాను. ఈలోపు మీ నాన్న వచ్చాడు.

ఫోను లేదు, కబురు లేదు. పోయిన ఆదివారం బెల్లు మోగితే తలుపు తీశాను. ఆ వానలో చిన్న బ్యాగు పట్టుకుని నిలబడ్డాడు. హర్షిణికి కూడా ఎయిర్‌పోర్టుకి వెళ్ళాకే చెప్పాడట. గొడవకే వచ్చాడనుకున్నాను.

తువ్వాలు ఇచ్చాను, తల తుడుచుకోలేదు. "అక్కా, నువ్వు తప్పు చదవలేదా?" అన్నాడు.

"లేదురా కేశవా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే అమ్మకి చెప్పేవాడివి."

వాడు కాదంటాడనుకున్నాను. తువ్వాలు చేతిలో నలుపుతూ, "అవును, చెప్పేవాణ్ణి" అన్నాడు.

వాసవీ, వాడి మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క మాటతో పోయింది. ఎంతమంది మగవాళ్ళు అలా ఒప్పుకుంటారు? తర్వాత చాలాసేపు మీ అమ్మ గురించే అడిగాడు. బల్ల మీద పడుకుని ఏమంది, ఏ చెయ్యి పొట్ట మీద వేసుకుంది, భయపడిందా. చెప్పింది మళ్ళీ చెప్పించుకున్నాడు. "నా పక్కన అన్నేళ్ళు ఉంది. నేను ఆ కథ చెప్పి నవ్వినప్పుడల్లా అందరికీ కాఫీలు తెచ్చి ఇచ్చేది. ఎంత మనిషి అక్కా అది!" అన్నాడు. అందులో కోపం లేదు. గుళ్ళో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడాడు. నేను అన్నం పెట్టాను. ఇద్దరం చాలా ఏళ్ళ తర్వాత ఒకే గిన్నెలోంచి పెరుగు వేసుకున్నాం.

వారం ఉండి నిన్న వెళ్ళాడు. రోజూ నాతో వానలో నడకకి వచ్చాడు. పేషెంట్లు రావడం మానేశాక ఎలా గడిపానని అడిగాడు. ఎవరూ నన్ను అడగని మాట అది.

నీకు తెలియనిది ఒకటి రాసి ముగిస్తాను. గురువారం పొద్దున వాడు నీకు ఆఫీసుకి ఫోన్ చేశాడు, గుర్తుందా? ఏం చేస్తున్నావమ్మా అన్నాడు. పనిలో ఉన్నాను నాన్నా అన్నావట, వాడే తర్వాత చెప్పాడు. అయినా వాడు పెట్టలేదు. నువ్వు ఏమైంది నాన్నా, వినపడుతోందా, హలో, హలో అని అరిచావట. లైను పోయిందనుకున్నావు కదూ?

లైను పోలేదు. నేను పక్కనే ఉన్నాను. ఫోను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. నువ్వు మాట్లాడుతున్నావు, వాడు వింటున్నాడు.

నీ
శాంతత్తయ్య